మామ సిగార్ గదికి పొగగొట్టం: రేకుల మేస్త్రీ పనికి నా మార్కులు

ముందే చెప్పేస్తున్నా, నేను తాగను. బీడీ లేదు, సిగరెట్ లేదు, పెళ్ళిళ్ళలో ఇచ్చే కిళ్ళీ కూడా సగం నమిలి ఊసేసే రకం. అయినా ఈ ఏడాదిన్నరలో సిగార్ పొగ గురించి నాకు తెలిసినంత మా తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఇంకెవరికీ తెలిసుండదు. కారణం మా మామ. ఓడల్లో స్టోర్స్ లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరై, చెన్నైలో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. వస్తూ వస్తూ రెండు ట్రంకు పెట్టెలు, ఒక చెక్క సిగార్ డబ్బా, ఆ డబ్బా మూతలో తేమ ఎంతుందో చూపించే చిన్న ముల్లు మీటరు తెచ్చుకున్నారు. రోజుకు ఒక్కటే తాగుతారు, రాత్రి భోజనం అయినాక, ముప్పావు గంట నుంచి గంట సేపు. శనివారం తాగరు, అది అత్త పెట్టిన రూలు. కొండకు పోయే రోజు కూడా తాగరు, అది అలిపిరి చెకింగ్ పెట్టిన రూలు.

దాన్ని ఆయన సిగార్ అంటారు, అత్త మాత్రం చుట్ట అనే అంటుంది. "మా తాత లంక పొగాకు చుట్ట తాగేటోడు, వాసన వాకిట్లోనే ఆగిపోయేది. ఈయన చుట్టకు ఇంగ్లీషు పేరు పెట్టి ఇల్లంతా పూస్తా ఉండారు" అని ఆమె బాధ. ఆ తాత వాకిట్లో కూర్చుని తాగాడు కాబట్టే వాసన వాకిట్లో ఆగింది అని నేను అనలేదు, అల్లుణ్ణి కదా.

సరే, మేడ మీద ఒక గది ఉంది. పది అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పది. అంతకుముందు పాత పుస్తకాలు, కొలువు బొమ్మల పెట్టెలు, మామిడికాయల సీజన్లో గడ్డిలో పేర్చిన తోతాపురి కాయలు ఉండేవి అందులో. అటాచ్డ్ బాత్‌రూమ్, ఒక టన్ను స్ప్లిట్ ఏసీ, పడమటి కిటికీలోంచి చూస్తే కొండ. దాన్ని మామకు ఇచ్చేసి తలుపేసుకుని తాగమన్నాం. నాలుగో రోజుకే కింద దేవుడి గదిలో వాసన. పాప స్కూలు యూనిఫాం మడతలో కూడా వాసన. మెట్ల మీద ఎక్కడ నిలబడినా నిన్నటి సిగార్ తెలిసిపోయేది. ఇప్పుడు నేను రివ్యూ రాస్తున్నది ఆ గదికి చివరికి పొగగొట్టం చేసిచ్చిన రేకుల మేస్త్రీ పని గురించి, కానీ అంతకుముందు నేను తగలేసిన డబ్బు సంగతి చెప్పకపోతే ఆయనకు మార్కులు ఎందుకు ఇస్తున్నానో అర్థం కాదు.

మొదట కొన్నది ఎయిర్ ప్యూరిఫయర్. పదహారు వేలు. కంపెనీ పేరు ఎందుకులెండి, మిషన్ చెడ్డదేం కాదు, నేను దానికి చెప్పిన పనే తప్పు. లోపల హెపా ఫిల్టర్ ఉంటుంది, 0.3 మైక్రాన్ల దుమ్మును కూడా 99.97 శాతం పట్టేస్తుందని రాసుంటుంది, అది నిజమే. కంటికి కనిపించే నీలం పొగ అరగంటలో తగ్గిపోయేది కూడా. కానీ పొగ వేరు, వాసన వేరు, ఈ సంగతి నాకు పదహారు వేలు పోశాక తెలిసింది. పొగలో సన్నటి రేణువులు ఒక భాగం, వాటిని హెపా పడుతుంది. వాసన అంతా గ్యాసుల్లో ఉంటుంది, అవి హెపా గుండా మనం గేటు దాటినట్టు దాటి వెళ్ళిపోతాయి. వాటిని పట్టాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేస్తారు దాన్ని, మన పక్కన తమిళనాడులో బాగా చేస్తారు. అదీ కిలోల్లో కావాలి. ఈ మిషన్‌లో ఉన్నది నల్ల పొడి చల్లిన ఒక పలచటి జల్లెడ, మా ఆవిడ దాన్ని చూసి "ఇది గోంగూర వడగట్టే గుడ్డలా ఉంది" అంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. సిగార్ ఆకును పులియబెట్టి చేస్తారు, అందుకే దాని పొగ సిగరెట్ పొగలా కాకుండా క్షారంగా, అమ్మోనియా ఘాటుతో ఉంటుంది. మామూలు కార్బన్ అమ్మోనియాను పెద్దగా పట్టుకోదు. రెండో నెలకు ఫిల్టర్ తీసి చూస్తే తెల్లగా ఉండాల్సిన మడతలు బెల్లం పాకం రంగులో ఉన్నాయి. అప్పటి నుంచి మిషన్ ఆన్ చేస్తే చాలు, మామ తాగకపోయినా వాసన. నిన్నటిది, మొన్నటిది, పోయిన శుక్రవారానిది కలిపి వదిలేది. కార్బన్‌ను ఎండలో పెడితే మళ్ళీ పనిచేస్తుందని ఎవరో చెబితే మేడ మీద రోహిణి కార్తె ఎండలో రెండు రోజులు పెట్టాను. ఏం కాలేదు. దాన్ని తిరిగి పనికొచ్చేలా చేయాలంటే ఫ్యాక్టరీ కొలిమిలో వందల డిగ్రీల్లో కాల్చాలట. మన ఎండ ఎంత తిరుపతి ఎండైనా అంత లేదు.

తర్వాత ఓజోన్ వాయువు వదిలే మిషన్. చెన్నైలో ఒక షాపులో నాలుగున్నర వేలకు తెచ్చాను, "హోటళ్ళకు ఇదే సార్, గంటలో రూమ్ కొత్తదైపోతుంది" అన్నాడు. దీని గురించి చిన్నగా చెప్పి వదిలేస్తాను: వద్దు. గదిలో ఎవరూ లేకుండా పెట్టాలని అన్నారు, అట్లే పెట్టాం. వాసన తగ్గినట్టే అనిపించింది, దాని చోట కరెంటు మోటారు కాలినప్పుడు వచ్చే లాంటి ఒక ఘాటు వచ్చింది, అత్త ఆ సాయంత్రం బట్టలు తీయడానికి పైకి పోయి వచ్చి రాత్రంతా దగ్గింది. ఓజోన్ ఊపిరితిత్తులకు పడదు, మనుషులకు ఇబ్బంది లేనంత తక్కువ మోతాదులో పెడితే అది వాసనను కూడా ఏమీ చేయలేదు. ఇంకా చెప్పాలంటే, మామ తన కాగితాలకు వేసుకున్న రబ్బరు బ్యాండ్లు నెల తిరక్కుండానే పట్టుకుంటే పుటుక్కున తెగిపోయేలా పగుళ్ళిచ్చాయి. ఓజోన్ రబ్బరును తినేస్తుంది. రబ్బరునే అట్లా చేసేదాన్ని ఇంట్లో ఎందుకని తీసేశాను.

అత్త తన వైద్యం తను చేసింది. సాంబ్రాణి. రోజూ సాయంత్రం ధూపం పట్టుకుని ఆ గది నాలుగు మూలలా తిరిగేది. ఫలితం, సాంబ్రాణి వేసిన సిగార్ వాసన. నిమ్మచెక్కలు, కర్పూరం, గిన్నెలో కాఫీ పొడి, వంటసోడా అన్నీ అయ్యాయి, ఒక దశలో ఆ గదిలోకి పోతే పచారీ కొట్టులో నిలబడ్డట్టు ఉండేది, ఆ కొట్టు వెనకాల ఎవరో చుట్ట తాగుతున్నట్టు.

ఏసీ గురించి కూడా నాకు ఒక భ్రమ ఉండేది, చాలామందికి ఉంటుంది. ఏసీ బయటి గాలి తెస్తుందనుకుంటాం. స్ప్లిట్ ఏసీ ఒక్క గుక్కెడు కూడా తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, అంతే. బయట ఉన్న డబ్బాలోకి పోయేది వేడి మాత్రమే, పొగ కాదు. పైగా లోపలి కాయిల్ తడిగా ఉంటుంది కాబట్టి పొగలోని జిగురు అంతా దానికి అంటుకుంటుంది. సర్వీసుకు వచ్చిన కుర్రాడు మూత తీసి, వేలితో గీరి, నాకు చూపించి, "సార్, ఇక్కడ ఏం వండుతారు?" అని అడిగాడు.

ఇక్కడ ఒక సంగతి. నాకు అసలు దారి చూపించింది ఏ ఇంజనీరూ కాదు, ప్రభుత్వ రూలు. లీలామహల్ సర్కిల్ దగ్గర లాడ్జి నడిపే నా స్నేహితుడు ఒకడు, తన లాడ్జిలో స్మోకింగ్ రూమ్ పెట్టొచ్చా అని అడిగితే ఇద్దరం కూర్చుని చదివాం. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం కదా, ఆ రూల్స్‌లోనే ముప్పై గదులు, అంతకు మించి ఉన్న హోటళ్ళకు, ముప్పై మంది, అంతకు మించి కూర్చునే రెస్టారెంట్లకు, విమానాశ్రయాలకు విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకునే వీలుంది. వాడి లాడ్జికి ఇరవై రెండు గదులే, వాడి కథ అక్కడితో అయిపోయింది. కానీ ఆ స్మోకింగ్ ఏరియా ఎట్లా ఉండాలో రాసిన నాలుగు ముక్కలు నాకు పనికొచ్చాయి. చుట్టూ పైకప్పు దాకా గోడలు ఉండాలి, తలుపు దానంతట అదే మూసుకోవాలి, గాలి నేరుగా బయటికి పోవాలి, మళ్ళీ తిరిగి లోపలికి రాకూడదు, మిగతా బిల్డింగ్ కంటే ఆ గదిలో గాలి ఒత్తిడి తక్కువగా ఉండాలి. ఆ చివరి ముక్కే అసలు కిటుకు. గదిలో ఒత్తిడి తక్కువుంటే తలుపు సందులోంచి గాలి లోపలికే వస్తుంది, పొగ బయటికి రాలేదు. అంటే పొగను శుభ్రం చేయడం కాదు, గోడలకు అంటుకునేలోపు దాన్ని ఇంట్లోంచి పంపేయాలి. ఇరవై వేలు పోసి నేను తెలుసుకోలేకపోయింది ఒక గెజిట్ కాగితంలో ఊరికే ఉంది.

లెక్క కూడా వేశాను, ఇది మీకూ పనికొస్తుంది. గది కొలతలు గుణిస్తే 1200 ఘనపుటడుగులు. గంటకు పదిహేనుసార్లు గది గాలి మొత్తం మారాలనుకుంటే 18000, దాన్ని అరవైతో భాగిస్తే నిమిషానికి 300 ఘనపుటడుగులు. దాన్నే సీఎఫ్ఎం అంటారు, ఫ్యాన్ డబ్బా మీద ఉంటుంది. బాత్‌రూమ్‌లో పెట్టే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ దీనికి చాలదు. డబ్బా మీద రాసింది కూడా పైపు లేకుండా ఊరికే తిరిగినప్పటి లెక్క, పైపు పెట్టి వంపులు తిప్పితే అందులో చాలా తగ్గిపోతుంది. కాబట్టి 300 కావాలంటే 450 రాసి ఉన్నది కొన్నాం.

ఇక మేస్త్రీ. కరకంబాడి రోడ్డు వైపు ఒక చిన్న షెడ్డు, బయట హోటల్ వంటగదులకు చేసిన చిమ్నీలు, స్టీలు దోసె కౌంటర్లు పేర్చి ఉంటాయి. బోర్డు మీద పేరు కూడా సగం ఊడిపోయింది. అంతకుముందు ఇద్దరు వచ్చి చూసి పోయారు, ఇద్దరూ కిటికీ అద్దం ఒకటి తీసేసి అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తామన్నారు. ఒకాయన బిగించాడు కూడా. ఫ్యాన్ పక్కనే కిటికీ రెండో రెక్క తెరిచి ఉంటుంది కదా, ఆ రెక్కలోంచి వచ్చిన గాలి అటునుంచి అటే ఫ్యాన్లోకి పోయేది. గదిలో పొగ గదిలోనే. ఫ్యాన్ మాత్రం మహా హుషారుగా తిరిగేది, పాపం.

ఈ మేస్త్రీ మాత్రం టేపు తీసి కొలతలు తీసుకుని, కాసేపు గోడలకేసి చూసి, "పొగ యాడికి పోవాలో అందరూ చెప్తారు సార్, గాలి యాడినుంచి రావాలా అది చెప్పండి ముందు" అన్నాడు. ఈ ఒక్క ప్రశ్నకే ఆయనకు పదికి మూడు మార్కులు వేసేశాను. హోటల్ వంటగదులు చేసిన మనిషి కాబట్టి ఆ సంగతి ఆయనకు చేతి మీద ఉంది. వంటగదిలో చిమ్నీ లాగినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రాకపోతే చిమ్నీ ఊరికే అరుస్తుంది తప్ప లాగదట.

మూడు రోజుల పని అన్నాడు. పన్నెండు రోజులు పట్టింది. ఇందులో ఆయన తప్పు సగమే, ఎందుకంటే మధ్యలో గంగమ్మ జాతర వచ్చింది. "జాతర అయ్యేదాకా పిల్లోళ్ళు రారు సార్, నేను చెప్పినా రారు" అన్నాడు. నేనూ తిరుపతి వాడినే కాబట్టి ఏమీ అనలేకపోయాను. ఒక పొద్దున బైరాగి వేషంలో ఒంటి నిండా తెల్ల పూత పూసుకుని ఒక కుర్రాడు గేటు దగ్గర నిలబడితే అత్త దక్షిణ తెచ్చి చేతిలో పెట్టింది. వాడు తీసుకుని, "అమ్మా, మొన్న మేడ మీద డ్రిల్ బిట్ మర్చిపోయినాం, తీసుకురమ్మన్నాడు మేస్త్రీ" అన్నాడు.

పని ఏం చేశాడంటే, ఎనిమిది అంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు పైపు, గది పడమటి గోడలో పైకప్పుకు జానెడు కిందనుంచి బయలుదేరి, గోడ బయట పైకెక్కి, మేడ దాటి ఆరడుగులు పైకి పోతుంది. వేడి పొగ పైకే లేస్తుంది కాబట్టి నోరు పైనే ఉండాలి. మొదట వంగే అల్యూమినియం పైపు వేశాడు, మూడు వంపులతో. చెయ్యి దగ్గర పెట్టి చూస్తే లాగుడు సగానికి సగం లేదు. ఏమీ వాదించకుండా తీసేసి గట్టి రేకు పైపు ఒకే ఎల్బోతో వేశాడు, దానికి అదనంగా డబ్బు అడగలేదు. ఫ్యాన్‌ను గదిలో పెట్టకుండా పైన పైపు చివర దగ్గర పెట్టాడు. దీనికి రెండు లాభాలు. చప్పుడు గదిలో తక్కువ, ఇంకొకటి, పైపు మొత్తం పీల్చే వైపు ఉంటుంది కాబట్టి ఎక్కడైనా అతుకు దగ్గర సందు ఉన్నా గాలి పైపులోకే పోతుంది తప్ప వాసన బయటికి కారదు.

ఇంత తెలిసిన మనిషి, తలుపు దగ్గర నా మాట విని దెబ్బతిన్నాడు. తలుపు సందులన్నీ మూసేద్దాం, వాసన రాకుండా ఉంటుంది అని నేనే పట్టుబట్టి చుట్టూ రబ్బరు పట్టీ వేయించాను. కింద బ్రష్ పట్టీ కూడా. ఆ రాత్రి ఫ్యాన్ వేసి మామ సిగార్ వెలిగించారు. పది నిమిషాలకు కిందికి ఫోన్, "అల్లుడూ, ఒకసారి పైకి రా, ఇక్కడ ఇంకో వాసన వస్తా ఉంది" అని. పోయి తలుపు లాగితే రాదు, లోపల గాలి పట్టేసింది, ఇద్దరం రెండు వైపులా కష్టపడితే టప్పున తెరుచుకుంది. లోపల పొగ అట్లే ఉంది, దానికి తోడు మురుగు కంపు. గాలి రావడానికి దారి లేక ఫ్యాన్ పీల్చి పీల్చి చివరికి బాత్‌రూమ్ జాలీలోంచి డ్రైనేజీ గాలిని లాగింది. ఆ జాలీ కింద ట్రాప్ అనే వంపులో మురుగు గాలిని ఆపే నీళ్ళు ఉండాలి, ఆ బాత్‌రూమ్ ఎవరూ వాడక ఎండిపోయి ఉన్నాయి. పొద్దున మేస్త్రీ వచ్చి చూసి నవ్వలేదు, అది ఆయన గొప్పతనం. "చెప్పినా కదా సార్" అని మాత్రం అన్నాడు.

తూర్పు గోడలో, అంటే పైపు నోటికి సరిగ్గా ఎదురు, నేలకు అడుగు ఎత్తున, అడుగు బై అడుగు కంత కొట్టి, దోమల జాలీ, బయట వాన పడకుండా వంచిన రెక్కలు పెట్టాడు. మామ కుర్చీ ఆ రెండింటికీ మధ్య. ఇప్పుడు గాలి కింద తూర్పున వచ్చి, ఆయనను తాకి, పొగను తీసుకుని, పైన పడమటికి పోతుంది. బాత్‌రూమ్ జాలీలో వారానికోసారి ఒక చెంబు నీళ్ళు పోస్తున్నాం. తలుపుకు కింది బ్రష్ పట్టీ పీకేసి డోర్ క్లోజర్ బిగించాం.

పరీక్ష అత్తతోనే చేయించాను. టీటీడీ వాళ్ళు పూలతో చేసి అమ్మే అగరుబత్తి ఒకటి వెలిగించి, తలుపు వేసి, బయట మెట్ల మీద తలుపు కింది సందు దగ్గర పట్టుకోమన్నాను. పొగ నిట్టనిలువుగా రెండంగుళాలు లేచింది, అక్కడ ఆగి, తల వంచుకుని దారంలా సాగి తలుపు కిందికి దూరిపోయింది. అగరుబత్తి పక్కకు జరిపితే ఆ దారం కూడా జరిగి మళ్ళీ అదే సందులోకి. అత్త కింద కూర్చుని సగం బత్తి అయిపోయేదాకా అట్లే చూసింది. తర్వాత ఫ్యాన్ ఆపమని, మళ్ళీ వేయమని, రెండుసార్లు వేయించింది. నమ్మకం కుదిరినాక లేచి చీర దులుపుకుని "సరే, శనివారం మాత్రం వద్దు" అంది. మీరు ఎవరితో ఇలాంటి పని చేయించుకున్నా డబ్బు ఇచ్చే ముందు ఈ అగరుబత్తి పరీక్ష చేయండి, రూపాయి ఖర్చు లేదు, అబద్ధం చెప్పదు.

గది లోపలి పని వేరేగా చేయించాల్సి వచ్చింది, ఇది రేకుల మేస్త్రీ పని కాదు. పాత వాసన గోడల్లో ఉండిపోయింది. తెల్ల బనియన్ గుడ్డ తడిపి గోడ మీద ఒక్కసారి రుద్దితే డికాషన్ రంగు. నికోటిన్, జిగురు అంతా గోడకు, తలుపుకు, స్విచ్ బోర్డుకు పట్టి, తర్వాత రోజుల తరబడి మెల్లగా మళ్ళీ గాలిలోకి వదులుతూ ఉంటుంది. సబ్బు నీళ్ళు, వాషింగ్ సోడాతో కడిగిస్తే డిస్టెంపర్ కూడా సగం ఊడొచ్చింది, మంచిదే అయింది. పెయింటర్ నీళ్ళ ప్రైమర్ వేస్తానన్నాడు, వద్దని ఆయిల్ ప్రైమర్ వేయించాను, ఎందుకంటే నీళ్ళదాంట్లోంచి ఆ మరకలు, వాసన మళ్ళీ పైకి తేలతాయి. దాని మీద కడుక్కోవడానికి వీలయ్యే పెయింట్. కర్టెన్లు, పరుపు, సోఫా, మెత్తలు అన్నీ తీసేశాం. ఇప్పుడు గదిలో ఒక కేన్ కుర్చీ, ఒక స్టీలు స్టూలు, రేడియో, అంతే. మామ అలిగారు, "జైలు గదిలా ఉంది" అని. తర్వాత అలవాటు పడ్డారు.

చల్లారిన సిగార్ ముక్కే అన్నిటికన్నా ఎక్కువ కంపు కొడుతుంది, ఇది ఎవరూ చెప్పరు. పొగకంటే అదే. బూడిద పెద్దగా వాసన రాదు. నలిపి ఆర్పితే ఇంకా ఘోరం, దానంతట అది ఆరిపోనిచ్చి, మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి, ఆ రాత్రే బయట పెట్టేయాలి. నీళ్ళలో వేశారా, తెల్లారేసరికి ఇల్లు వదిలి పోవాల్సిందే. ఇంకా, సిగార్ అయిపోయాక ఫ్యాన్ ఇంకో గంట తిరగాలి. టైమర్ పెట్టించాం. మామ తాగేటప్పుడు వేసుకునే చొక్కా ఒకటి ఆ గదిలోనే మేకుకు తగిలి ఉంటుంది, అది కిందికి రాదు.

ఏసీ వాడకం దాదాపు మానేశారు. బయటి గాలి నిమిషానికి మూడు వందల ఘనపుటడుగులు లోపలికి తెచ్చి పారబోస్తూ ఉంటే ఏసీ ఎవరిని చల్లబరుస్తుంది. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల్లో అయితే ఒక టన్ను ఏసీలో సగానికి పైగా ఆ గాలికే సరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి తాగుతారు కాబట్టి ఏదో నడుస్తోంది. సీలింగ్ ఫ్యాన్ కూడా వేయకూడదు, పైకి పోతున్న పొగను కిందికి నొక్కి గదంతా కలిపేస్తుంది. జూన్ మొదటి వారంలో మామ ఇది తన మీద కోపంతో నేను పెట్టిన రూలు అనుకున్నారు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వాసన పోయింది కదా అని గాలి మంచిదైపోయినట్టు కాదు. అమెరికాలో ఈ ఏసీలు, వెంటిలేషన్ లెక్కలన్నీ రాసే ఇంజనీర్ల సంఘం ఆష్రే కూడా, లోపల తాగుతుంటే ఎంత వెంటిలేషన్ పెట్టినా పక్కవాళ్ళ ఆరోగ్యానికి ముప్పు పూర్తిగా తీసేయలేమనే అంటుంది. అందుకే పాప ఆ గదిలోకి పోదు, సిగార్ లేనప్పుడు కూడా. మామే పెట్టిన రూలు ఇది, ఇంట్లో ఉన్న రూల్స్‌లో ఆయన పెట్టింది ఇదొక్కటే.

పక్కింటి సంగతి మర్చిపోయాను. మొదట పైపు మేడ దాటి రెండు అడుగులే పెట్టాడు. పక్కింటి ఆమె మేడ మీద సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టుకుంటుంది. పదిరోజుల తర్వాత ఒక డబ్బా నిండా తెచ్చి వాకిట్లో పెట్టి, "వేయించి చూడక్కా" అని అత్తతో అని వెళ్ళిపోయింది. వేయించాం. నూనెలో పొంగుతుంటే ఎంత బాగున్నాయో, నోట్లో పెట్టుకుంటే ఓడరేవు. ఎవరం మాట్లాడలేదు, మామ మాత్రం ఇంకొకటి తీసుకున్నారు. మర్నాడే మేస్త్రీని పిలిచి పైపు ఇంకో నాలుగడుగులు పొడిగించి, గాలి ఎటు వీచినా పైకే చిమ్మేలా నోరు మార్పించాను. ఆమెకు కొత్త సగ్గుబియ్యం నాలుగు కిలోలు, ఆ పని మొత్తం నా ఖర్చే, న్యాయం కదా. పైపు నోటికి కార్బన్ డబ్బా బిగిస్తే ఇంకా మేలు, కానీ అది ఫ్యాన్ లాగుడును తినేస్తుంది, మార్చుతూ ఉండాలి, ఎత్తు పెంచడమే చవక.

డబ్బు లెక్క: పైపు, ఫ్యాన్, టైమర్, గోడ కంత, కూలి అన్నీ కలిపి ఇరవై ఏడున్నర వేలు. గోడల పని తొమ్మిది వేలు. ప్యూరిఫయర్ ఇప్పుడు కింద హాల్లో ఉంది, కొత్త ఫిల్టర్ వేశాం, దుమ్ముకు బాగానే పనిచేస్తుంది, దాని పని అదే.

మేస్త్రీకి పదికి ఎనిమిది. ఒకటి తగ్గించింది బిల్లు ఇవ్వనందుకు, అడిగితే సిగరెట్ అట్ట వెనకాల రాసిచ్చాడు, అదీ సందర్భానికి తగ్గట్టే ఉందనుకోండి. ఇంకొకటి పైపు గోడకు పట్టిన క్లాంపుల్లో మామూలు ఇనుప స్క్రూలు వాడినందుకు. కార్తీకంలో పది రోజులు ముసురు పట్టేసరికి తుప్పు కారి గోడ మీద గీతలు. ఫ్యాన్ రెక్కలకు మూడు నెలలకోసారి జిగురు పడుతుంది, నిచ్చెనెక్కి సబ్బు గుడ్డతో తుడవాలి, ఆ పనికి ఆయన మనిషిని పంపిస్తాడు, రెండు వందలు తీసుకుంటాడు. ఫోన్ మొదటిసారికే ఎత్తడు, మూడోసారికి ఎత్తుతాడు.

మొన్న గాలివానకు పైపు మీది టోపీ వదులై రాత్రంతా టకటక కొట్టుకుంది. చెప్తే మంగళవారం వచ్చి బిగిస్తానన్నాడు. ఏ మంగళవారమో చెప్పలేదు, నేనూ అడగలేదు.